రాజపాళయపు తెల్లకుక్క: ఒక ఈత పిల్లల చరిత్ర

హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న మల్కాజిగిరి, ఉప్పల్, నాచారం ఒకప్పుడు వేరువేరు ఊళ్లు. నాచారంలో కర్మాగారాలు, ఉప్పల్ రోడ్డు పొడవునా పరిశోధనాలయాలు, వాటి చుట్టూ ఉద్యోగుల కాలనీలు పెరిగి అవన్నీ నేడు ఒకే నగరభాగంగా కలసిపోయినవి. ఇండ్లతోపాటు కాపలాకుక్కలు కూడా పెరిగినవి. పూర్వం వీధిలో పుట్టిన పిల్లను ఒకదానిని తెచ్చి, గంజి పోసి, గుమ్మం ముందు పెంచుకొనేవారు. ఇప్పుడు జాతికుక్క పిల్లను డబ్బిచ్చి కొనడం మామూలైనది. కొనేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే: “ఇది అసలైన జాతిదేనా?” ఆ పిల్ల తల్లి పాలు ఎన్ని వారాలు తాగినది, తల్లికి టీకాలు పడినవా లేదా, దాని తోబుట్టువులు ఎన్ని బతికినవి అని అడిగేవారు అరుదు.

ఇంతకూ జాతి అనగా ఏమి? అది రక్తంలో ఉన్నదా, కాగితంలో ఉన్నదా, పెంపకంలో ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల కుక్క ఒకటి దక్షిణదేశంలో ఉన్నది. దానిని తరతరాలుగా పెంచినవారు తెలుగు మాటలాడేవారే. అదే రాజపాళయం కుక్క. దాని చరిత్రను, ఒక ఈత పిల్లల పెంపకాన్ని గూర్చి శాస్త్రం నేర్చుకొన్న పాఠాలను కలిపి చూచినచో జాతి అన్న మాటకు గల బలము, దాని వెనుక ఉన్న అపాయము కూడా తెలుస్తవి.

పాళెములో పుట్టిన కుక్క

తమిళనాడులోని విరుదునగరం జిల్లాలో, పడమటి కనుమల పాదాన రాజపాళయం అనే పట్టణం ఉన్నది. పాళయం అనగా మన పాళెమే. సేనలు విడిసిన చోటు అని అర్థం. విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాతను తెలుగుదేశం నుండి దక్షిణానికి వలస వెళ్లిన రాజులు ఇక్కడ స్థిరపడినారు. చుట్టూ తమిళమే అయినా ఇండ్లలో తెలుగును నిలుపుకొన్నారు. 1949 నుండి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి. ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే.

ఈ రాజుల ఇండ్లలో, పొలాలలో పెరిగినది రాజపాళయం కుక్క. అది పొడవైన కాళ్లు, లోతైన రొమ్ము, సన్నని నడుము గల వేటకుక్క. భుజం వద్ద ఎత్తు దాదాపు 65 నుండి 75 సెంటీమీటర్లు. వెంట్రుకలు పొట్టివి, రంగు పాలవంటి తెలుపు. ముక్కు గులాబిరంగు, కళ్లు బంగారువన్నె. కనుమల అడవులలో అడవిపందిని తరమడం, రాత్రివేళ పొలాన్ని, ఇంటిని కాయడం దాని పనులు. కొత్తవారిని దగ్గరకు రానీయదు, యజమానిని విడువదు. పాలెగాళ్ల యుద్ధాలలో ఈ కుక్కలు కుంఫిణీ సేనల మీదికి ఉరికినవని కథలు చెప్పుకొంటారు. ఆ కథలలో నిజమెంత ఉన్నా, ఒక మాట మాత్రం స్పష్టం. ఈ కుక్కను తీర్చినది ఏ పుస్తకమూ కాదు. పరుగెత్తగలిగినదానిని, ధైర్యం గలదానిని, యజమాని మాట వినేదానిని ఏరి, వాటికే పిల్లలు కలిగేటట్లు చూచిన పెంపకందారుల కన్ను దానిని తీర్చినది.

పుస్తకమెక్కిన జాతులు

కుక్కకు, మనిషికి గల చెలిమి కనీసం 14,000 ఏళ్ల నాటిది. కాని నేడు మనం ‘శుద్ధజాతి’ అనే భావం చాల కొత్తది. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణంలో కుక్కల ప్రదర్శన ఒకటి జరిగినది. నేటి పద్ధతిలో జరిగిన మొదటి ప్రదర్శనగా దానిని చెబుతారు. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడినది. ఆ మరుసటి ఏడే వంశావళి గ్రంథం వెలువడినది. అప్పటి నుండి తల్లీ తండ్రీ ఇద్దరూ గ్రంథంలో ఉన్న పిల్లే ఆ జాతిది అన్న నియమం బలపడినది.

ఈ నియమం వలన ఒక మేలు కలిగినది. ఏ పిల్ల ఏ తలిదండ్రులకు పుట్టినదో రాతలో నిలిచినది. కాని ఒక కీడు కూడా దానితోనే వచ్చినది. గ్రంథం మూసిన తలుపు వంటిది. లోపల ఉన్న కుక్కలే తరతరాలుగా తమలో తాము కలియవలెను. బయటి రక్తం రాదు. పూర్వపు పెంపకందారుడు కుక్క చేసే పనిని బట్టి ఏరుకొనేవాడు. ప్రదర్శన వచ్చిన తరువాత రంగు, చెవి, తోక, ముక్కు ముందు వరుసకు వచ్చినవి. రాజపాళయం కుక్కలో ఆ రంగు తెలుపు. ఆ తెలుపు కథ ముందు చెప్పబడుతుంది. దానికంటె ముందు, ఏ జాతి కుక్క అయినా దాటవలసిన మొదటి గండాన్ని చూడవలెను.

మొదటి వారం: వెచ్చదనం

చూలైన కుక్క దాదాపు 63 దినాలకు ఈనుతుంది. పుట్టిన పిల్లకు కన్ను తెరుచుకోదు, చెవి తెరుచుకోదు, నడక రాదు. కళ్లు 10 నుండి 14 రోజులలో విచ్చుకొంటాయి. చెవి రంధ్రాలు రెండవ వారం చివర తెరుచుకొంటాయి. అప్పటివరకు పిల్లకు తెలిసినవి రెండే: వాసన, వెచ్చదనం.

పెద్దకుక్క శరీరపు వేడి దాదాపు 38 నుండి 39 డిగ్రీల సెంటీగ్రేడు. పుట్టిన పిల్లది మొదటి వారంలో 35, 36 డిగ్రీలే. మనకు చలివేస్తే వణుకుతాము. కండరాల ఆ కదలిక వలన వేడి పుడుతుంది. పుట్టిన పిల్లకు మొదటి వారంలో ఆ శక్తి లేదు. ఒంటిలో కొవ్వు కూడా బహుస్వల్పం. కాబట్టి దానికి వేడి బయటి నుండి రావలెను: తల్లి పొట్ట నుండి, తోబుట్టువుల గుంపు నుండి, పడక నుండి.

పల్లెలలో కుక్క ఈనడానికి కొట్టంలో చీకటి మూలను, గడ్డివాము అడుగును వెదకుకొంటుంది. గాలి తగలని చోట గోనెసంచి పరచి వదలినచో చాలును. నగరంలో సిమెంటు నేల, చలవరాతి గచ్చు ఉన్న ఇంటిలో ఆ మూల దొరకదు. కనుక చెక్కపెట్టె ఒకటి చేస్తారు. తల్లి కాళ్లు చాచి పడుకొనేంత వెడల్పు ఉండవలెను. లోపలి గోడ వెంట, నేలకు కొంచెం ఎత్తున కర్రపట్టె బిగించవలెను. తల్లి గోడకు ఆనుకొన్నప్పుడు పిల్ల ఆ పట్టె కింద ఇమిడిపోయి నలగకుండ బతుకుతుంది. పెట్టెలోని గాలి మొదటి వారంలో 29 నుండి 32 డిగ్రీలు ఉండవలెను. నాలుగవ వారానికి దానిని క్రమంగా 24 డిగ్రీల దాక తగ్గించవచ్చును. హైదరాబాదు వేసవిలో ఈ పని సులువే. కాని డిసెంబరు రాత్రులలో దీపం వేడి కావలసివస్తుంది. పిల్లలన్నీ గుట్టగా ఒకదానిపై ఒకటి ఎక్కి మూలుగుతున్నచో వాటికి చలి. తలా ఒక మూలకు పోయి రొప్పుతున్నచో ఉక్క. పిల్లలు పక్కపక్కన తీరికగా పడుకొన్నచో వేడి సరిగా ఉన్నట్లు.

ఇక్కడ చాలమంది చేసే పొరపాటు ఒకటి ఉన్నది. చలికి కొయ్యబారిన పిల్ల దొరికితే వెంటనే పాలు పోస్తారు. ఒళ్లు చల్లబడిన పిల్లలో జీర్ణక్రియ ఆగిపోతుంది. పోసిన పాలు కడుపులో నిలిచి పులుస్తాయి. ఊపిరితిత్తులలోకి కూడా పోవచ్చును. ముందు ఒంటికి ఆనించుకొని మెల్లమెల్లగా వేడి ఎక్కించి, పిల్ల కదలిన తరువాతనే పాలు ఇవ్వవలెను.

పాలలోని లెక్క

కుక్కపాలకు, మనం తాగే పాలకు చాల భేదం ఉన్నది. ఆవుపాలలో మాంసకృత్తులు నూటికి మూడు పాళ్లకు కొంచెం పైన, కొవ్వు నాలుగు పాళ్లకు దగ్గర. కుక్కపాలలో మాంసకృత్తులు ఏడెనిమిది పాళ్లు, కొవ్వు తొమ్మిది పాళ్లకు దగ్గర. పాలచక్కెర మాత్రం ఆవుపాలలోనే ఎక్కువ. అందువలన తల్లి లేని పిల్లకు ఆవుపాలు నీళ్లు కలిపి పోసినచో కడుపు నిండుతుంది కాని ఒళ్లు పెరగదు. పైగా అరగని చక్కెర వలన విరేచనాలు పట్టుకొంటాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఎనిమిది, పది రోజులకు పుట్టుక బరువుకు రెట్టింపవుతుంది. ప్రతిరోజు ఒకే వేళకు తూచి పలకమీద రాసినచో, ఏ పిల్ల వెనుకబడినదో కంటికి కనబడడానికి ముందే అంకె చెబుతుంది. ఒకరోజు బరువు పెరగకపోవడం హెచ్చరిక, తగ్గడం ప్రమాదం.

పిల్లను తల్లి నాకడం ముద్దుకోసమే కాదు. మొదటి రెండు మూడు వారాలు పిల్ల తనంతట తాను మూత్రం విడువలేదు. తల్లి నాలుక తగిలితేనే ఆ పని జరుగుతుంది. తల్లి లేని పిల్లకు గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో, పాలు పట్టినప్పుడల్లా, ఈ సేవ చేయవలెను. ఈ సంగతి తెలియక, కడుపు నిండా పాలు తాగిన పిల్లలు కూడా చనిపోతాయి.

అన్నిటికంటె విలువైనవి ముర్రుపాలు. మనిషి బిడ్డకు తల్లి గర్భంలోనే రోగాలతో పోరాడే రక్షక పదార్థాలు చాలవరకు అందుతవి. కుక్కపిల్లకు అట్లా కాదు. గర్భంలో అందేది పదవవంతు కూడా ఉండదు. మిగిలినదంతా ముర్రుపాలతోనే రావలెను. ఆ పాలలోని రక్షక పదార్థాలను పిల్ల పేగు మొదటి ఒకరోజే నేరుగా రక్తంలోకి పీల్చుకోగలదు. మొదటి కొద్ది గంటలలో ఎక్కువ, తరువాత తక్కువ. రోజు గడిచిన తరువాత ఆ తలుపు మూసుకొంటుంది. ఈతలో బలహీనమైన పిల్లను బలమైనవి తోసివేస్తాయి. పెంపకందారుడు దానిని ఎత్తి, పాలు బాగా వచ్చే వెనుక చన్నులకు పట్టించిన ఆ పది నిమిషాలే రెండు నెలల తరువాత దాని ప్రాణం నిలుపవచ్చును.

కనబడని శత్రువులు

పూర్వం జాతికుక్కల పెంపకందారులను మిక్కిలి భయపెట్టిన రోగం డిస్టెంపరు. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డు జెన్నరు 1809లోనే ఈ వ్యాధి లక్షణాలను వర్ణించినాడు. 1905లో ఫ్రెంచి పశువైద్యుడు హెన్రీ కారే, సూక్ష్మజీవులను ఆపే వడపోతలో నుండి కూడా ఈ రోగకారకం జారిపోతున్నదని చూపినాడు. అనగా అది వైరసు. 1920లలో ఇంగ్లండులో లేడ్లా, డంకిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఫెర్రెట్ అనే ముంగిసవంటి జంతువుకు ఈ రోగం సులభంగా సోకుతుందని గ్రహించి, వాటిమీద పరిశోధించి టీకా తయారుచేసినారు.

ఆ భయం తగ్గినదనుకొన్నంతలో 1978లో పార్వోవైరసు అనే కొత్త శత్రువు బయలుదేరినది. రెండేళ్లలోపల ప్రపంచమంతటా పాకినది. 1980ల ఆరంభానికి మద్రాసులోను కనిపించినది. నెత్తుటి విరేచనాలతో రెండు మూడు దినాలలోనే పిల్లలు రాలిపోతాయి. ఈ వైరసు నేలలో నెలల తరబడి బతుకుతుంది; మనిషి చెప్పులకు అంటుకొని ఒక ఇంటినుండి మరొక ఇంటికి పోతుంది. కనుక ఎన్నడూ వీధి తొక్కని పిల్లకు కూడా ఇది సోకుతుంది.

టీకా వేయించినా పిల్ల చనిపోయినదని కొందరు వాపోతారు. టీకా పనికిరానిదని కోపగిస్తారు. లెక్క వేసి చూస్తే కారణం బోధపడుతుంది. తల్లి ఇచ్చిన రక్షక పదార్థాలు పిల్ల రక్తంలో ఉజ్జాయింపుగా పదిరోజుల కొకసారి సగమవుతాయి. ఒక పిల్లకు మొదట 64 పాళ్లు అందినవనుకొందాము. పదవరోజుకు 32, ఇరవయ్యవ రోజుకు 16, ముప్పయ్యవ రోజుకు 8, నలభయ్యవ రోజుకు 4 మిగులుతవి. తల్లి పదార్థాలు ఎక్కువగా ఉన్నంతకాలం అవి టీకాలోని బలహీన వైరసును కూడా శత్రువేననుకొని నాశనం చేస్తాయి, టీకా పట్టదు. అవి బాగా తగ్గిన తరువాతనే టీకా పడుతుంది. కాని రెండింటికి నడుమ కొన్ని రోజులు ఉంటాయి. అప్పుడు మిగిలిన రక్షణ టీకాను అడ్డగించడానికి చాలును గాని, వీధిలోని బలమైన వైరసును ఆపడానికి చాలదు. ఆ సందులోనే పిల్లలు పోతాయి.

అదే ఈతలో ఎక్కువ పాలు తాగిన పిల్లకు 128 పాళ్లు అంది ఉంటే, దాని సందు పదిరోజులు ఆలస్యంగా వస్తుంది. ఏ పిల్లకు ఎప్పుడో కంటికి తెలియదు. అందుకే ఆరు, ఎనిమిది వారాల నడుమ టీకా మొదలుపెట్టి, రెండు నుండి నాలుగు వారాల కొకసారి, 16 వారాలు నిండేవరకు మరల వేయవలెనని పశువైద్యులు చెబుతారు. ఒక్కటి వేయించి ఆగడం నది సగం దాటి పడవ దిగడం వంటిది. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించడం పిల్లకోసమే కాదు. ఇంటిలోని మనుషుల కోసం కూడా. నులిపురుగులు తల్లి గర్భంలోనే పిల్లకు సంక్రమిస్తవి కనుక, వాటికి మందు రెండవ వారం నుండే ఆరంభించవలెను.

తెలుపు వెనుక నిశ్శబ్దం

ఇప్పుడు రాజపాళయపు తెలుపు దగ్గరకు రావచ్చును. ఈ జాతిలో పాలవంటి తెలుపునకు, గులాబి ముక్కునకు గిరాకీ ఎక్కువ. మచ్చ ఉన్న పిల్లకు అంత విలువ ఉండదు. అయితే ఈ జాతి పిల్లలలో కొన్ని పుట్టుచెవిటివి అవుతాయని పెంపకందారులు ఎరుగుదురు. తెలుపునకు, చెవిటితనానికి సంబంధమేమి?

చర్మానికి, వెంట్రుకకు రంగు ఇచ్చే కణాలు పిండదశలో వీపు వెంట పుట్టి ఒళ్లంతా వలసపోతాయి. వాటిలో కొన్ని లోపలి చెవిలోకి కూడా చేరుకొంటాయి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు గొట్టం ఉన్నది. దానిలో రక్తనాళాలు దట్టంగా ఉన్న ఒక పొర, శబ్దాన్ని పట్టే సన్నని రోమకణాలు బతకడానికి కావలసిన ద్రవాన్ని సిద్ధపరుస్తుంది. ఆ పొర నిలవడానికి రంగుకణాలు అవసరం. ఒళ్లంతా తెల్లగా ఉండేటట్లు ఏరిన వంశాలలో ఈ కణాల వలస కుంటుపడుతుంది. అవి చెవి దాక చేరకపోతే, పుట్టిన మూడు నాలుగు వారాలలో ఆ పొర ఎండి, రోమకణాలు చనిపోతాయి. ఇక వాటికి మందు లేదు. అయితే తెల్లకుక్క అయినంత మాత్రాన చెవిటిది కావలెనని లేదు. ఒంటిమీద రంగు లేకున్నా చెవిలో కణాలు ఉండవచ్చును. నీలికన్ను ఉన్న పిల్లలలో మాత్రం ఈ అపాయం ఎక్కువ. మచ్చలున్న డాల్మేషియను జాతిలోను ఇదే దోషం కనబడుతుంది. అమెరికాలో వేలకొలది డాల్మేషియన్లను పరీక్షించగా, దాదాపు నూటికి ఎనిమిది రెండు చెవులా, ఇరవైరెండు ఒక చెవి వినలేనివని తేలినది.

ఆ రెండవ అంకెలోనే అసలు చిక్కు ఉన్నది. పిల్ల వెనుక చప్పట్లు కొట్టి, తల తిప్పితే చెవులు మంచివనుకోవడం పాత పరీక్ష. రెండు చెవులూ పోయిన పిల్ల దీనిలో దొరికిపోతుంది. ఒక చెవి వినే పిల్ల తల తిప్పుతుంది, పరీక్ష నెగ్గుతుంది. పెరిగి పెద్దదై, మేలైనదని పేరుపడి, తన ఈతలలో ఆ దోషాన్ని పంచిపెడుతుంది. పెంపకందారుడు మోసగాడు కాకున్నా దోషం నిలిచిపోతుంది. ఐదు వారాల వయసు దాటిన పిల్లకు తలమీద సన్నని తీగలు అమర్చి, ఒక్కొక్క చెవిలో టిక్కుమనే శబ్దం చేసి, మెదడులో పుట్టే విద్యుత్ స్పందనను గీతగా తీసే పరీక్ష ఇప్పుడు ఉన్నది. చప్పట్లు చెప్పలేని నిజాన్ని ఆ గీత చెబుతుంది.

మూసిన తలుపు

వేటకుక్కకు వేటయే జీవనాధారం. 1972లో వన్యప్రాణుల సంరక్షణ చట్టం వచ్చినది. అడవిజంతువులకు అది రక్ష. కాని రాజపాళయం కుక్కకు తరతరాల పని పోయినది. పట్టణాలలో అల్సేషియను, పొమరేనియను వంటి విదేశీ జాతులకు మోజు పెరిగినది. దేశవాళీ కుక్కల సంఖ్య తగ్గినది. సంఖ్య తగ్గినప్పుడు దగ్గరి బంధువుల కలయిక తప్పదు.

దీనికొక లెక్క ఉన్నది. అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు సీవెల్ రైటు 1922లో దానిని సూత్రంగా ఇచ్చినాడు. అన్నాచెల్లెళ్లకు పుట్టిన పిల్లలో, ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుండి వచ్చి ఉండే అవకాశం నాల్గవవంతు. తండ్రి ఒకటే, తల్లులు వేరైన జంటకు పుట్టిన పిల్లలో ఎనిమిదవవంతు. ఊరిలో పేరుపడిన ఒక మగకుక్క దగ్గరకే అందరూ తమ ఆడకుక్కలను తీసుకొనిపోయినచో, మరుసటి తరం పిల్లలన్నీ ఒకదానికొకటి సగం తోబుట్టువులే అవుతాయి. ఒంటరి ప్రతిగా ఉన్నప్పుడు దాగియున్న దోషాలు, జంటగా కలిసినప్పుడు బయటపడతవి. ఈతలో పిల్లలు తగ్గడం, పుట్టినవి నిలువకపోవడం మొదటి గుర్తులు.

ఈ జాతిని కాపాడడానికి ప్రయత్నాలు జరిగినవి. 1980ల మొదట తమిళనాడు ప్రభుత్వం మద్రాసు సైదాపేటలో దేశవాళీ కుక్కల ఉత్పత్తి కేంద్రాన్ని పెట్టినది. 2005లో భారత తపాలాశాఖ నాలుగు భారతీయ కుక్కజాతులకు బిళ్లలు వెలువరించగా, వాటిలో రాజపాళయం ఒకటి. 2016లో, కుక్కల పరిస్థితి బాగుండలేదన్న తనిఖీ నివేదికల మీద, సైదాపేట కేంద్రాన్ని మూసివేయుమని మద్రాసు హైకోర్టు ఆదేశించినది. జాతిని నిలపాలన్న సంకల్పం మంచిదే. కాని గది శుభ్రంగా లేనిచోట, రోగం సోకిన కుక్కను వేరుచేయనిచోట వంశం ఎంత శుద్ధమైనా ఈత నిలువదు. 2020లో కర్నాల్‌లోని జాతీయ జంతు జన్యువనరుల సంస్థ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కలను నమోదు చేసినది. ఆవులకు, గేదెలకు ఉన్న జాతిగుర్తింపు కుక్కలకు దక్కడం అదే మొదలు.

ఉప్పల్ రోడ్డులో దొరికే సాక్ష్యం

తలిదండ్రులను గూర్చి కాగితం చెప్పినది నిజమో కాదో తేల్చే విద్య 1984లో ఇంగ్లండులో పుట్టినది. అలెక్ జెఫ్రీసు అనే శాస్త్రజ్ఞుడు మనిషి మనిషికి భేదించే డి.ఎన్.ఏ. గీతల వరుసను కనుగొన్నాడు. మూడేళ్లకు, అనగా 1987లో, అదే పద్ధతి కుక్కలకు, పిల్లులకు కూడా పనికివస్తుందని ఆయనయే చూపినాడు. 1980ల చివర, హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డుమీద ఉన్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధనాకేంద్రంలో డాక్టర్ లాల్జీసింగ్, కట్లపాము డి.ఎన్.ఏ. తునకతో మన దేశపు సొంత పద్ధతిని సిద్ధపరచినారు. ఆ విద్యకే ప్రత్యేకించిన డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రం కొంతకాలం నాచారంలో పనిచేసి, నేడు ఉప్పల్‌లో ఉన్నది. కోర్టులలో మనుషుల తగవులు తీర్చిన ఆ విద్య సూత్రమే కుక్కపిల్ల తండ్రి ఎవరో కూడా చెప్పగలదు.

2005లో తాషా అనే ఆడ బాక్సరు కుక్క జన్యుపటం సంపూర్ణంగా ప్రకటింపబడినది. ఆ తరువాత తెలుపురంగునకు, అనేక వంశరోగాలకు కారణమైన జన్యుస్థానాలు ఒక్కొక్కటిగా బయటపడినవి. అంటే శాస్త్రం ఇప్పుడు రెండు పనులు చేయగలదు: జాతి నిజమా అని చెప్పడం, ఆ జాతి ఎంత ఇరుకైపోయినదో చెప్పడం. రెండవదే ముఖ్యమైనది.

ఇరుకైన జాతికి గాలి ఆడించిన ఉదాహరణ ఒకటి ఉన్నది. డాల్మేషియన్లన్నిటికీ మూత్రంలో యూరికామ్లం ఎక్కువై రాళ్లు ఏర్పడే దోషం ఉండేది. దోషం లేని కుక్క జాతిలోనే మిగలలేదు. 1973లో అమెరికా జన్యుశాస్త్రజ్ఞుడు రాబర్టు షేబుల్ ఒక డాల్మేషియనుకు పాయింటరు జాతి కుక్కతో ఒకేసారి సంకరం చేసి, తరువాతి తరాలన్నిటినీ డాల్మేషియన్లతోనే కలిపినాడు. కొన్ని తరాలకు రూపం పూర్తిగా డాల్మేషియనుదే. దోషం మాత్రం లేదు. అయినా అక్కడి వంశావళి గ్రంథం వాటిని నిలకడగా అంగీకరించడానికి 2011 దాక పట్టినది. ఒక్క సంకరంతో తీరిన జబ్బును కాగితం దాదాపు నలభయ్యేళ్లు మోసినది.

ఎనిమిది వారాల బడి

పిల్లకు ఒళ్లు పెరిగినంత మాత్రాన పెంపకం ముగియదు. అమెరికాలోని బార్ హార్బరు పరిశోధనాలయంలో స్కాటు, ఫుల్లరు అనే శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరాలు కుక్కపిల్లలను పరిశీలించి 1965లో గ్రంథం వెలువరించినారు. అక్కడే 1961లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, కొన్ని పిల్లలను 14 వారాల దాక మనుషులకు దూరంగా పెంచినారు. అవి తరువాత మనిషిని చూచి అడవిజంతువులవలె బెదిరిపోయినవి. ఎంత దగ్గరకు తీసినా మచ్చిక కాలేదు. మూడవ వారం నుండి పన్నెండవ వారం దాక పిల్ల మనస్సు తెరచిన పలక వంటిది. మొదటి భాగంలో తల్లి, తోబుట్టువులు గురువులు. ఆటలో గట్టిగా కరిస్తే తోబుట్టువు అరచి ఆట మానుతుంది; ఎంత కరవవచ్చునో పిల్ల అక్కడే నేర్చుకొంటుంది. తరువాతి భాగంలో మనుషులు, పిల్లల కేకలు, వాహనాల చప్పుళ్లు దానికి పరిచయం కావలెను. రాజపాళయం వంటి కాపలాజాతికి ఈ బడి మరీ అవసరం.

అందుకే 2017లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కకు గాని, ఎనిమిదేళ్లు దాటినదానికి గాని ఈతలు పెట్టించరాదు. జన్మలో ఐదు ఈతలకు మించరాదు. ఇవి ఎవరో కూర్చుండి ఊహించిన అంకెలు కావు. పాలు, టీకా, తోబుట్టువుల ఆట, తల్లి ఒంటి బలం చెప్పిన అంకెలు.

రాజపాళయపు పాత పెంపకందారులకు డి.ఎన్.ఏ. తెలియదు. అయినా జాతిని నిలిపినారు. ఏమంటే వారికి కుక్క పని తెలియును, ఏ పిల్లను ఏరవలెనో తెలియును. వారు చూడలేకపోయినది ఒక చెవి నిశ్శబ్దాన్ని, తలుపు మూసుకొన్న వంశం లోపలి ఇరుకును. నేడు అవి చూడగల పరికరాలు ఉన్నవి. ఈత పక్కన రాత్రి కూర్చుండే ఓపిక మాత్రం ప్రతి తరం తానే తెచ్చుకోవలెను. నాచారం వీధిలో పిల్లను కొనబోయే కుటుంబం “ఇది అసలైన జాతిదేనా?” అని అడగడం తప్పు కాదు. కాని ఆ ప్రశ్నతోపాటు తల్లిని చూపుమని, పిల్ల పుట్టిన తేదీని, బరువు రాసిన పలకను, టీకాల చీటీని, రెండు చెవుల పరీక్షను కూడా అడుగవలెను. ఆ ప్రశ్నలు అడిగేవారు పెరిగిననాడు వాటికి సమాధానం చెప్పగల పెంపకందారులు నిలుస్తారు, చెప్పలేనివారు మానుకొంటారు. రాజులు తమ పాళెములో పెంచిన తెల్లకుక్క రానున్న తరాలలోను వినగలిగి, పరుగెత్తగలిగి ఉండడానికి అదే దారి.